కుక్కకు పచ్చి కార్జము పెట్టవచ్చునా?

కుక్కకు పచ్చిమాంసమే సహజాహారమనియు, వండిన యన్నము దానికి కీడనియు నిప్పుడొక వాదము ప్రబలుచున్నది. ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్‌స్టు 1993లో ప్రకటించిన గ్రంథము దీనికి మిక్కిలి వ్యాప్తి కల్పించెను. పట్టణవాసులు గ్రంథములు చదివి చేయు పనిని మన పల్లెలవారు చదువకయే చేయుచున్నారు. జాతరలకు, పెండ్లిండ్లకు గొఱ్ఱెలను కోసినపుడు చెడిన కార్జమును, ఊపిరితిత్తులను అక్కడనే కుక్కలకు విసరివేయుదురు. ఈ యలవాటును తక్షణము మానవలయునని మా యభిప్రాయము.

కారణము వినుడు. గొఱ్ఱె కార్జములో నీటిబుగ్గలవంటి తిత్తులను పలువురు కాపరులు చూచియే యుందురు. వానిని కుక్క పచ్చిగా తిన్నచో, లోని యంకురములు దాని ప్రేగులలో బద్దెపురుగులుగా పెరుగును. ఒక్కొక్క పురుగు కొద్ది మిల్లీమీటర్లకు మించదు. వేలకొలది యున్నను కుక్క యారోగ్యముగానే కనబడును. సుమారు 6 వారములు గడచిన పిమ్మట దాని మలముతో గ్రుడ్లు వెలువడి పచ్చికను, నీటిని, కుక్క బొచ్చును అంటును. పచ్చికతో గొఱ్ఱె కడుపునకును, కుక్కను నిమిరిన చేతులతో మన బిడ్డ కడుపునకును అవి చేరును. మనుష్యుని కార్జమునందో ఊపిరితిత్తులందో తిత్తి ఏండ్లతరబడి పెరిగి, తుదకు శస్త్రచికిత్స యవసరమగును. దీనినే హైడాటిడ్ వ్యాధి యందురు.

పాడిరైతునకు వేఱొక నష్టము గలదు. నియోస్పోరా యను సూక్ష్మజీవి ఆవులు ఈసుకుపోవుటకు కారణమగును. అది కుక్క మలము మూలమున వ్యాపింపగలదని 1998లో తేలినది. కావున ఆవు మాయను కుక్కకు వదలక లోతుగా పూడ్చవలయును.

“తోడేలు వండుకొని తినునా?” యని కొందరడుగుదురు. కాని కుక్క తోడేలు కాదు. మనుష్యుని ముంగిట మెలగి వేల యేండ్లయినది. పిండిపదార్థములను జీర్ణింపజేయు జన్యువు ప్రతులు తోడేలునందుకంటె కుక్కయందు హెచ్చుగా నున్నవని 2013లో శాస్త్రజ్ఞులు చూపిరి. సంగటియు నన్నమును దానికి అరుగును. మాంసము మంచిదే, ఉడికించినంత మాత్రమున దాని సారము పోదు. తిత్తులు లేని పచ్చిమాంసమునందును సాల్మొనెల్లావంటి క్రిములుండవచ్చును గనుక, పచ్చిమాంసము పెట్టవలదని అమెరికా పశువైద్య సంఘము 2012లో తీర్మానించెను.

ఐస్లాండు దేశము ఒకప్పుడు హైడాటిడ్ వ్యాధిచే మిక్కిలి బాధపడెను. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డు క్రాబే వ్రాసిన చిన్నపుస్తకమును 1864లో అచట ఇంటింటికి పంచిరి. చదువ నేర్చిన జనులు దాని నాచరింపగా, తరములు గడచినపిదప ఆ వ్యాధి తొలగెను. అక్కడ జరిగినది ఇక్కడ ఏల జరుగదు?

కుక్కను తరిమివేయుడని మేము చెప్పుట లేదు. రాత్రి మందను కాచునది అదియే. పెట్టదలచిన మాంసమును అరగంటసేపు బాగుగా ఉడికించి, ఎముకలు తీసి పెట్టుడు; వండిన యెముకలు చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. ఉల్లి, వెల్లుల్లి కలుపరాదు. తిత్తులున్న భాగములను కుక్కలు త్రవ్వలేనంత లోతుగా పూడ్చుడు. పశువైద్యుని సలహాపై ప్రాజిక్వాంటెల్ మాత్రలు క్రమముగా వేయించుడు. కుక్కను ముట్టిన పిల్లలచేత అన్నమునకు ముందు చేతులు కడిగించుడు.

ప్రతి సంఘమును జాతరకు ముందే కోతస్థలమున గొయ్యి త్రవ్వించి, మాత్రలకై కొంత సొమ్ము కేటాయించుచు రాబోవు సభలో తీర్మానింపవలయునని మా మనవి. గొయ్యికి పట్టునది ఒకపూట కూలి. తిత్తి కోయించుటకు ఒక యేటి పంటయు చాలకపోవచ్చును.