ఒక్క మ్యాచ్‌తో ముగిసిన సీజన్

చదువుకునే ఆడపిల్లలు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఎక్కడుంటారు? ఈ ప్రశ్న పట్టుకుని యాప్రాల్ దగ్గర ఒక మైదానానికి కొన్నాళ్లు వెళ్లాను. ఒక డిగ్రీ కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు అక్కడ సాధన చేసేది. కాలేజీ పేరు అనవసరం. ఏ పేరు పెట్టినా కథ పెద్దగా మారదు. నాకు ఆట తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ పిల్లలే నేలమీద చెప్పులు వరసగా పెట్టి చూపించారు.

రెండు నెలలు సాధన చేశారు. అంతర కళాశాలల పోటీలో మొదటి మ్యాచ్ ఓడిపోయారు. అంతే, సీజన్ అయిపోయింది. ఈ పోటీలు చాలావరకు నాకౌట్ పద్ధతిలో కొద్దిరోజుల్లో ముగుస్తాయి. ఓడిన జట్టుకి మళ్లీ ఏడాది దాకా పనిలేదు. తిరిగొచ్చేటప్పుడు గోల్‌కీపర్ అమ్మాయి నాతో అన్నది: "ఇంకో మ్యాచ్ ఉంటె మంచిగుండు మేడమ్. ఆమె ఎట్ల కొడుతదో నాకిప్పుడు తెలిసింది."

ఓటమి నుంచి నేర్చుకునే అవకాశం కూడా ఒక హక్కేనని నాకు అప్పుడు తోచింది. మగపిల్లలకీ ఇదే నాకౌట్ కదా అని అడగవచ్చు. నిజమే. కానీ వాళ్లకి కాలేజీ పోటీ పోతే కాలనీ టోర్నమెంట్ ఉంటుంది, ఆదివారం మైదానం ఉంటుంది, నలుగురూ తలా ఇంత వేసుకుని రాత్రి పదింటికి గంట లెక్కన అద్దెకి తీసుకునే టర్ఫ్ ఉంటుంది. ఆడపిల్లకి కాలేజీ జట్టు ఒక్కటే అనుమతిపత్రం. అది ముగిసిన రోజున "ఇంక గ్రౌండుకి ఎందుకు?" అన్న ప్రశ్న ఇంట్లో సిద్ధంగా ఉంటుంది.

యాప్రాల్‌కి దగ్గర్లోనే అమ్ముగూడ ఉంది. 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం పుట్టింది అక్కడే. 2023లో ఆయన చనిపోయినప్పుడు, కోచ్ రహీం తీర్చిదిద్దిన ఆ తరాన్ని పత్రికలన్నీ తలుచుకున్నాయి. తలుచుకోవలసిందే. పేదింటి పిల్లలు ఒలింపిక్స్ దాకా వెళ్లిన చరిత్ర అది. అయితే అదే సాయంత్రాలు ఆ వీధుల్లోని ఆయన ఈడు ఆడపిల్లలు ఏం చేస్తుండేవారో నేను చదివిన ఏ ఫుట్‌బాల్ చరిత్రలోనూ కనబడలేదు. నీళ్లు మోస్తుండేవారనీ, తమ్ముళ్లని ఎత్తుకుంటుండేవారనీ ఊహించడానికి సోషియాలజీ డాక్టరేటు అక్కర్లేదు.

పితృస్వామ్యం ఆటని నిషేధించవలసిన అవసరం లేదు, మైదానం లేకుండా చేస్తే చాలు. 1920 డిసెంబరులో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఒక మహిళల మ్యాచ్‌కి యాభై వేలమందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. ఏడాది తిరిగేసరికి అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకి తగదని చెప్పి, తన పరిధిలోని మైదానాలు వాళ్లకి ఇవ్వరాదని తీర్మానించింది. దాదాపు యాభై ఏళ్లు అది అమల్లో ఉంది. ఇక్కడ అలాంటి తీర్మానం ఏదీ లేదు. మైదానంలో క్రికెట్ మగపిల్లలు ముందే ఉంటారు, చీకటి ముందే పడుతుంది.

మన దగ్గర ఆడేవాళ్లు లేరనే మాట ఇంక చెల్లదు. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్‌కి చెందిన సౌమ్య గుగులోత్ దేశం తరఫున ఆడుతూ, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌లో చేరింది. 2025 జులైలో థాయిలాండ్‌ని 2-1తో ఓడించి మన మహిళల జట్టు ఆసియా కప్‌కి అర్హత సాధించింది. కానీ దేశస్థాయి మహిళల లీగ్‌కే ఒక అసలైన సీజన్ రావడానికి 2023-24 దాకా పట్టింది. అంతకుముందు జట్లన్నిటినీ ఒకచోట చేర్చి కొద్దివారాల్లో ముగించేవారు. పైనే ఇలా ఉంటే యాప్రాల్ మైదానం దాకా ఏం దిగుతుంది?

2023 డిసెంబరులో వచ్చిన ఉచిత బస్సు ప్రయాణం ఈ పిల్లల విషయంలో చిన్నదేమీ కాదు. ఇంట్లో ఒక అభ్యంతరం, చార్జీల ఖర్చు, తీరిపోయింది. చీకటి అనే అభ్యంతరం మిగిలింది. కోచ్ ఎవరు, ఎలాంటివాడు అన్న భయమూ మిగిలింది. అది ఉత్త భయం కాదు. 2022లో అండర్-17 అమ్మాయిల జట్టు సహాయ కోచ్‌ని లైంగిక దుష్ప్రవర్తన కారణంగా తొలగించారు. పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013, ఆటస్థలాలనీ శిక్షణ కేంద్రాలనీ పేరుపెట్టి తన పరిధిలోకి తెచ్చింది. నేను అడిగిన పిల్లల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. కాలేజీలతో పనిచేసే మన సంఘాలు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

దగ్గర్లోని ఐదారు కాలేజీలు కలిసి ఒకరి మైదానంలో ఒకరు, వారానికొకటి చొప్పున, గెలిచినా ఓడినా ఆడే లీగ్ పెట్టుకోవడానికి ఏ స్టేడియమూ అక్కర్లేదు. వారానికి మూడు సాయంత్రాలు మైదానం అమ్మాయిలదని బోర్డుమీద రాయాలి. ఒక దీపం, తాళం పడే మరుగుదొడ్డి కావాలి. మేం ఈ మాట అన్నప్పుడు ఒక పెద్దాయన "అన్నిసార్లు ఓడిపోతే పాపం పిల్లలు నొచ్చుకోరా?" అన్నారు. జాలి కూడా ఎంత బాగా తలుపులు మూస్తుందో!

చివరిసారి వెళ్లినప్పుడు అమ్మాయిలు జెర్సీలు ఉతికి తెచ్చి పీడీ సార్ గదిలో లెక్కపెట్టి అప్పగిస్తున్నారు. గోల్‌కీపర్‌ది ఫైనలియర్. గ్లవ్స్ మాత్రం తన సొంతానివట, బ్యాగులో పెట్టుకుంది.