300 ఉద్యోగాలు ఇస్తామన్నా కొండెక్కని టెలిస్కోప్.. హవాయిలో అసలు లెక్క ఎక్కడ తప్పింది?

హవాయిలోని మౌనా కియా కొండ మీద 30 మీటర్ల భారీ టెలిస్కోప్ కడతామని 2014లో శంకుస్థాపనకి వెళ్లారు. ఇప్పటికీ అక్కడ నిర్మాణం మొదలుకాలేదు. ఈ ప్రాజెక్టులో మన దేశం కూడా పార్ట్‌నరే. ఇదంతా సైన్స్‌కి, సంప్రదాయానికి మధ్య గొడవ అని మనం చాలా వీడియోల్లో చూశాం. కానీ మధ్యలో ఇంకో వర్గం ఉంది. పని కోసం ఎదురుచూసిన లోకల్ కార్మికులు. వాళ్ల సంగతేంటి?

అసలు ఏం హామీ ఇచ్చారు?

థర్టీ మీటర్ టెలిస్కోప్, షార్ట్‌గా టీఎంటీ. 492 అద్దాల ముక్కల్ని కలిపి ఒకే పెద్ద అద్దంలా పనిచేయించే టెలిస్కోప్ ఇది. సముద్ర మట్టానికి దాదాపు 4,050 మీటర్ల ఎత్తులో కట్టాలని ప్లాన్. అక్కడ ఆక్సిజన్ కింద ఉన్నదానికంటే సుమారు 40 శాతం తక్కువ.

కట్టేటప్పుడు సుమారు 300 నిర్మాణ ఉద్యోగాలు, కట్టాక 140 పర్మనెంట్ ఉద్యోగాలు వస్తాయని టీఎంటీ చెప్పింది. స్థానిక పిల్లల సైన్స్ చదువుల కోసం ఏడాదికి 10 లక్షల డాలర్ల ఫండ్ పెట్టింది. భూమి అద్దె ఏడాదికి 3 లక్షల డాలర్లతో మొదలై, క్రమంగా 10 లక్షలు దాటేలా ఒప్పందం చేసుకుంది.

యూనియన్లు ఎందుకు సపోర్ట్ చేశాయి?

హవాయి నిర్మాణ రంగ యూనియన్లు ఈ ప్రాజెక్టుకి గట్టిగా మద్దతిచ్చాయి. కారణం అర్థం కావాలంటే అక్కడ యూనియన్ పని ఎలా నడుస్తుందో తెలియాలి.

కార్పెంటర్ అయినా, క్రేన్ ఆపరేటర్ అయినా, ఇనుము పని చేసేవాళ్లయినా యూనియన్ ఆఫీసులో పేరు రాయించుకుంటారు. కాంట్రాక్టర్‌కి మనుషులు కావాలంటే ఆ లిస్ట్ నుంచే పంపుతారు. జీతం ఒక్కటే కాదు. ఎన్ని గంటలు పనిచేస్తే ఆ గంటల లెక్కన హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ ఖాతాలోకి డబ్బు వెళ్తుంది. పని దొరక్కపోతే జీతంతో పాటు కొన్నాళ్లకి ఇన్సూరెన్స్ కూడా పోయే ప్రమాదం ఉంటుంది. కొత్తగా పని నేర్చుకునే అప్రెంటిస్‌లకి కూడా సైట్ మీద గంటలు పూర్తయితేనే సర్టిఫికెట్.

అలాంటివాళ్లకి ఏళ్ల తరబడి సాగే ఒక పెద్ద ప్రాజెక్ట్ అంటే ఇంటికి గ్యారంటీ లాంటిది. హవాయి ఎక్కువగా టూరిజం మీద బతికే రాష్ట్రం. హోటల్ ఉద్యోగం కాకుండా వేరే దారి కావాలనుకునే వాళ్లకి ఖగోళ రంగం నిజంగానే ఒక ఆప్షన్. 2012 లెక్కల ప్రకారం ఈ రంగం వల్ల హవాయి రాష్ట్రంలో దాదాపు 1,400 ఉద్యోగాలు నడిచాయని హవాయి యూనివర్సిటీ స్టడీ తేల్చింది. ఇవన్నీ సైంటిస్టుల పోస్టులు కావు. మెకానిక్‌లు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, అకౌంటెంట్లు కూడా ఇందులో ఉన్నారు.

మరి ఎందుకు ఆగింది?

స్థానిక హవాయియన్లకి మౌనా కియా పవిత్రమైన కొండ. దాని మీద ఇప్పటికే 13 టెలిస్కోపులు కట్టారు. 1968లో 11 వేల ఎకరాలకి పైగా భూమిని యూనివర్సిటీకి 65 ఏళ్ల లీజుకి ఇచ్చారు. అద్దె ఏడాదికి ఒక్క డాలర్! కొండ నిర్వహణ సరిగా లేదని 1998లో రాష్ట్ర ఆడిటరే తప్పుపట్టారు. అంటే టీఎంటీ వచ్చేసరికే నమ్మకం పోయింది.

2015 ఏప్రిల్‌లో కొండ మీద 31 మందిని అరెస్ట్ చేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో హవాయి సుప్రీంకోర్టు పర్మిట్ రద్దు చేసింది. అభ్యంతరాలు పూర్తిగా వినకముందే పర్మిట్ ఇచ్చేశారన్నది కోర్టు తప్పుపట్టిన పాయింట్. మళ్లీ విచారణ జరిగి 2018లో కోర్టు ఓకే చెప్పింది. 2019 జులైలో మెషిన్లు పైకి పంపబోతే వేల మంది రోడ్డు మీద కూర్చున్నారు. ముందు వరసలో ఉన్న 30 మందికి పైగా పెద్దవాళ్లని పోలీసులు అరెస్ట్ చేశారు. ఆ దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఇక ఆ ఏడాది చివరికి పనులు వాయిదా పడ్డాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇది స్థానికులు వర్సెస్ బయటివాళ్లు అనే సింపుల్ గొడవ కాదు. టెలిస్కోప్ కావాలన్న స్థానిక హవాయియన్లూ ఉన్నారు, వాళ్ల సంస్థ ఒకటి విచారణలో టీఎంటీ వైపు నిలబడింది. ఒకే ఇంట్లో ఒకరు జెండా పట్టుకుంటే, ఇంకొకరు యూనియన్ లిస్ట్‌లో పేరు రాయించుకునే పరిస్థితి.

300 అనే నంబర్ ఎందుకు సరిపోలేదు?

మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, "లోకల్" అంటే ఎవరు? కొండ ఉన్నది బిగ్ ఐలాండ్‌లో. జనాభా ఎక్కువగా ఉన్నది హోనలూలూ ఉన్న ఒవాహు దీవిలో. రాష్ట్రం మొత్తాన్ని లోకల్ అంటే, కొండ కింద ఊళ్లకి ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్నది ఆ 300 అంకె చెప్పదు.

రెండు, నిర్మాణ ఉద్యోగం కట్టడంతో అయిపోతుంది. కానీ కొండ మీద కట్టడం దశాబ్దాలు ఉంటుంది. పోయేది శాశ్వతం, వచ్చేది తాత్కాలికం అన్నదే వ్యతిరేకుల వాదన. దానికి 140 పర్మనెంట్ పోస్టులు బలమైన సమాధానం కాలేకపోయాయి.

మూడు, అసలు పెద్ద పని కొండ మీద జరగదు. డోమ్ కెనడాలో, టెలిస్కోప్ స్ట్రక్చర్ జపాన్‌లో తయారయ్యేలా ప్లాన్ చేశారు. అద్దాల పాలిషింగ్‌లో కొంత మనకి వచ్చింది. బెంగళూరు దగ్గర హోస్కోటలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దీనికోసం ప్రత్యేక సెంటర్ పెట్టింది. చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వెళ్లేవాళ్లకి ఈ ఊరు బాగా తెలుసు. మన వాటా కోసం కేంద్ర కేబినెట్ 2014లో దాదాపు 1,300 కోట్ల రూపాయలు ఓకే చేసింది.

టెలిస్కోప్ ఏ కొండ మీద పెట్టినా హోస్కోటలో పాలిష్ చేసే అద్దం అదే. సైట్ మారితే పని పోయేది హవాయి కార్మికుడికే. ఇంత గొడవలో చేతిలో ఏ పవరూ లేకుండా ఎక్కువ నష్టపోయే వర్గం కూడా అదే.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

2025లో ఈ ప్రాజెక్టుకి రెండు వైపుల నుంచి వార్తలొచ్చాయి. చిలీలో కడుతున్న జెయింట్ మెగెలాన్ టెలిస్కోప్‌ని మాత్రమే తర్వాతి దశకి తీసుకెళ్తామని అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్ ప్రతిపాదనలో చెప్పింది. టీఎంటీకి అది పెద్ద దెబ్బ. జులైలో స్పెయిన్ రంగంలోకి దిగింది. లా పాల్మా దీవికి వస్తే 40 కోట్ల యూరోలు ఇస్తామని ఆఫర్ చేసింది. ఆ దీవి 2021లో అగ్నిపర్వతం పేలి బాగా నష్టపోయింది. వాళ్లకీ ఉద్యోగాలు కావాలి.

హవాయిలో కూడా రూల్స్ మారాయి. కొండ నిర్వహణకి 2022 చట్టంతో కొత్త అథారిటీ వచ్చింది. అందులో స్థానిక హవాయియన్లకి కుర్చీ ఉంది. 2028 నుంచి పూర్తి బాధ్యత వాళ్లదే. ఈ పని 2008లోనో 2010లోనో చేసి ఉంటే కథ వేరేలా ఉండేదేమో.

ఉద్యోగాలు ఇస్తామనడం తప్పు కాదు. యూనియన్లు పని అడగడం అంతకన్నా తప్పు కాదు. కానీ ముందు అడగాల్సిన ప్రశ్నని పక్కన పెట్టి, దాని బదులు ఉద్యోగాల నంబర్ చూపిస్తే, కార్మికుడు పక్కింటివాడికే శత్రువులా కనిపిస్తాడు.

ఇంకో మాట. ఈ పదేళ్లలో మౌనా కియా మీద మెషిన్లు అస్సలు తిరగలేదని కాదు. 2024లో రెండు పాత అబ్జర్వేటరీల తొలగింపు పూర్తయింది. కొత్తది కట్టే పని కోసం ఎదురుచూసిన కొండ మీద, పాతవి విప్పే పనే ముందు జరిగింది.