ఉప్పు తీసే యంత్రం ఎవరి చేతిలో?

కళ్ళెదుట సముద్రం. ఇంట్లో ఖాళీ బిందె. మన కోస్తా గ్రామాల్లో బావులు ఉప్పుబారడం ప్రకృతి శాపం మాత్రమే కాదు. రొయ్యల చెరువుల వల్ల తాగునీటి బావులు పాడవుతున్న సంగతిని సుప్రీంకోర్టే 1996 నాటి తీర్పులో ప్రస్తావించింది. లాభం చెరువుల యజమానులది. మంచినీళ్ళ కోసం నడిచే పని ఆడవాళ్ళది.

దీనికి పాలకులు చూపే పరిష్కారం రివర్స్ ఆస్మాసిస్ ప్లాంటు. చెన్నై దగ్గర మింజూరులో 2010లో రోజుకి 10 కోట్ల లీటర్ల ప్లాంటు మొదలైంది. కట్టి నడిపేది ప్రైవేటు కంపెనీ, నీళ్ళు కొనేది ప్రభుత్వ సంస్థ, ఒప్పందం 25 ఏళ్ళకి. ఈ పద్ధతిలో వెయ్యి లీటర్లకి మూడు నాలుగు యూనిట్ల కరెంటు కావాలి. తోడిన నీటిలో సగానికి పైగా దాదాపు రెట్టింపు ఉప్పుతో మళ్ళీ సముద్రంలోకే పోతుంది. ఆ నీటిలో వేట సాగించే కుటుంబాలను, చేపలమ్ముకునే స్త్రీలను ఎవరడిగారు? నీళ్ళు నగరానికి, ఉప్పు పల్లెకా?

వేరే దారులు లేవా? ఉన్నాయి. గుజరాత్‌లోని అవానియా గ్రామంలో 1978లోనే ఎండతో ఉప్పునీటిని మంచినీరు చేసే కేంద్రం పెట్టారు. రోజుకి 5,000 లీటర్ల సామర్థ్యం. నల్లటి తొట్టిలో ఉప్పునీరు, పైన ఏటవాలు గాజు కప్పు. ఆవిరి గాజుకి తగిలి, చల్లబడి, బొట్టు బొట్టుగా కాలువలోకి జారుతుంది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి మరో పద్ధతి ఉంది. పైనుండే వెచ్చటి సముద్రపు నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తోడిన చల్లటి నీటితో ఆ ఆవిరిని మంచినీరుగా మారుస్తారు. రోజుకి లక్ష లీటర్లు!

ఇవి మంత్రదండాలు కావు. గాజు తొట్టి చదరపు మీటరుకి రోజుకి రెండు నుంచి ఐదు లీటర్లే ఇస్తుంది. కవరత్తి పద్ధతికి ఒడ్డుకి దగ్గర్లోనే లోతైన సముద్రం ఉండాలి, పంపులకి కరెంటు కావాలి. "ఖర్చెక్కువ, స్థలమెక్కువ" అంటారు నిపుణులు. మరి స్త్రీలు నీళ్ళు మోసే గంటలకి ఎవరు ఖరీదు కట్టారు?

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనమూ ఒక మాట ఆలోచించాలి. పరికరం తెచ్చి, ఫోటో తీయించుకుని వచ్చేస్తే సరిపోదు. గాజు పగిలితే మార్చాలి, పేరుకున్న ఉప్పు కడగాలి. ఆ పని కూడా జీతం లేకుండా ఆడవాళ్ళ నెత్తిన పడితే అది ప్రత్యామ్నాయం ఎలా అవుతుంది?

తాగునీరు మానవ హక్కని ఐక్యరాజ్య సమితి 2010లో ప్రకటించింది. కాబట్టి మనం అడగాల్సింది దయ కాదు. ముందు బావుల్ని పాడుచేయడం ఆపాలి. ఏ ప్లాంటుకైనా ఒప్పందం రాసుకునే ముందు తీరగ్రామాల స్త్రీలతో గ్రామసభలో చర్చించాలి. యంత్రం నడిపే శిక్షణ, దానికి వేతనం వాళ్ళకే ఇవ్వాలి. బిందె మోసే చేతులకే నిర్ణయాధికారం ఉండాలి!