‘చెబితే సైకిలు ఆపేస్తారుగా!’

మీ ఇంట్లో ఆడపిల్ల సైకిలు ఇప్పుడు ఎక్కడుంది? వాకిట్లో ఉంటే సంతోషం. అలా కాక మెట్ల కింద, పాత బకెట్ల పక్కన, టైర్లలో గాలి లేకుండా పడి ఉంటే మాత్రం ఈ వారం నా మాటలు కాస్త ఓపికతో చదవండి. మా ఇంట్లోనూ ఒక సైకిలు అలాగే మెట్ల కిందికి వెళ్ళబోయి ఆగింది.

మాది పాతబస్తీ, లాల్ దర్వాజా. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. పొద్దున్నే ఆరు గంటలకు చార్మినార్ దగ్గర లెక్కల ట్యూషన్. శాలిబండ మెయిన్ రోడ్డు మీదుగా సైకిలు మీద పది నిమిషాల దారి. టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుందని వాళ్ళ నాన్న కొనిపెట్టారు ఆ సైకిలు. ముందు బుట్ట, వెనక క్యారియరు. అన్నం తిన్న కంచం తియ్యదు గానీ, సైకిలు చైనుకు మాత్రం వారం వారం నూనె వేసుకుంటుంది!

మొన్న చలికాలంలో దాని వాలకం మారింది. ఐదున్నరకే బయల్దేరేది. "ఎందుకే ఇంత ముందు?" అంటే "సారు రమ్మన్నారమ్మా" అనేది. తిరిగి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట. వీపుకు వేసుకునే బ్యాగు పొట్ట మీదకు వచ్చింది. ఇవన్నీ నేను చూశాను. చూసి, పరీక్షల బెంగ కాబోలు అనుకుని ఊరుకున్నాను. పక్క గదిలో ఉండి పాలు మాడుతున్న వాసన పసిగట్టే మనం, పిల్ల మొహం దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక కారణం చెప్పుకుని తృప్తి పడిపోతాం.

ఒకరోజు ఫోన్ లేకుండా వచ్చింది. దారిలో ఎక్కడో పడిపోయిందంది. నేను ఊరుకుంటానా? ధర గుర్తుచేసి మరీ తిట్టాను. ఏడ్చింది. పోయినందుకు ఏడుస్తోంది అనుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత కూరగాయల బండి దగ్గర దాని స్నేహితురాలి అమ్మ కలిసి, "మీ అమ్మాయికి మోకాలు తగ్గిందా వదినా? బండోళ్ళు ఫోన్ గుంజుకుపోయినప్పుడు గట్టిగానే పడ్డదంట కదా" అంది. చేతిలో ఉన్న టమాటాలు అలాగే వదిలేసి ఇంటికొచ్చాను.

విషయం ఇదీ. మూడు వారాలుగా ఒక కుర్రాడు బైకు మీద వెంట పడుతున్నాడు. పక్కనే వస్తాడు, ఏదో అంటాడు, ముందుకెళ్ళి ఆగుతాడు. వాణ్ణి తప్పించుకోవడానికి ఇది ముందు టైము మార్చింది. తర్వాత మెయిన్ రోడ్డు వదిలి వెనక గల్లీల్లోంచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ నిర్మానుష్యపు గల్లీలో, చీకట్లో, వాడితో ఏ సంబంధమూ లేని మరో ఇద్దరు బైకు మీద వచ్చి బుట్టలో ఉన్న ఫోన్ లాక్కుపోయారు. ఇది సైకిలుతో సహా కిందపడింది.

"ఇన్ని రోజులు నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెబితే సైకిలు ఆపేస్తారుగా!" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఎందుకంటే అది నిజం. ఎంత నిజమో నాకంటే ఎవరికి తెలుసు?

1997లో నేను ఇంటర్ చదివేదాన్ని. అద్దె సైకిలు మీద మోకాళ్ళు చెక్కుకుపోయేలా నేర్చుకుని, నాన్నను ఏడాది బతిమాలి సొంత సైకిలు కొనిపించుకున్నాను. కాలేజీ దారిలో ఒకతను నాలుగు రోజులు వెంటపడ్డాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు సైకిలు మా తమ్ముడికి ఇచ్చేశారు, అంతే. వెంటపడినవాడు హాయిగా తిరిగాడు, నేను బస్సు కోసం నిలబడ్డాను. ఇంటర్‌తో నా చదువు ఆగిపోవడానికి అదొక్కటే కారణం అని అనను గానీ, ఆ రోజు నుంచి ఇంట్లో ఏదీ చెప్పకపోవడం మాత్రం బాగా అలవాటు చేసుకున్నాను. అదే అలవాటు నా కూతురికి, నేను నేర్పకుండానే వచ్చింది.

మా ఇంట్లో ఆ సాయంత్రం పెద్ద పంచాయితీ. మా అత్తమ్మ ఒకటే మాట: "పొద్దు పొద్దుగాల ఆడపిల్లను ఒక్కదాన్ని తోలుడేంది? సైకిల్ లోపల పెట్టుండ్రి." మావారు తానే స్కూటర్ మీద దింపుతానన్నారు. ఎనిమిది రోజులు దింపారు. తొమ్మిదో రోజు దుకాణంలో సరుకు దిగింది, పదో రోజు నడుం నొప్పి. ఇక నేను గట్టిగా చెప్పాను. సైకిలు ఆగదు. దానికి ఎదురుగానే చెప్పాను, "నువ్వు ఏం చెప్పినా సరే, సైకిలు మాత్రం ఆపను. దారి మారుస్తాం, టైము మారుస్తాం, సైకిలు ఉంటుంది" అని. ఆ మాట అన్నాకే దాని నోట మిగతా సంగతులన్నీ వచ్చాయి. బండి రంగు, నంబరులో చివరి నాలుగు అంకెలు, ఏ మలుపు దగ్గర నిలబడతాడో, అన్నీ దానికి గుర్తే. ఇంతకాలం చెప్పుకోవడానికి మనిషి లేదు, అంతే.

తర్వాత పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. ఏ స్టేషనో చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడ కూర్చున్నాయన మొదటి ప్రశ్న, "ఇంత పొద్దున ఒక్క పిల్లను సైకిలు మీద ఎందుకు పంపారమ్మా?" అని. నాకు ఒళ్ళు మండింది. గొలుసు పోయిందని వెళితే గొలుసెందుకు చేయించుకున్నావని అడుగుతారా? "ట్యూషన్ ఆరింటికేనండీ, మీరు కంప్లైంట్ రాసుకోండి" అని కుర్చీలో కూర్చున్నాను. రాసుకునేదాకా లేవలేదు.

ఇక్కడ నేను తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో లాక్కుపోవడాన్ని, అంటే స్నాచింగ్‌ను, 304వ సెక్షన్ కింద విడిగా నేరమని రాశారు. మూడేళ్ళ దాకా జైలు. వద్దంటున్నా ఆడపిల్ల వెంటపడడం 78వ సెక్షన్. మొదటిసారి అయితే మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా. పిల్లకు పద్దెనిమిది నిండకపోతే పోక్సో చట్టం కూడా ఉంది. వెంటపడ్డారన్న ఫిర్యాదును మహిళా పోలీసే రాసుకోవాలి, మీరు అడగవచ్చు. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అనండి. ఏ స్టేషన్లోనైనా రాసుకుని, సంబంధించిన చోటికి వాళ్ళే పంపాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం.

వెంటపడినవాడి సంగతి షీ టీమ్స్‌కి చెప్పాం. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి ఇవి. మామూలు బట్టల్లో వస్తారు, జనంలో కలిసిపోతారు, జరిగేదంతా వీడియో తీస్తారు. మా విషయంలో రెండో రోజుకే దొరికాడు. తీరా చూస్తే వాడికీ పదిహేడేళ్ళే. తల్లిని పిలిపించి ఆమె ఎదుట కౌన్సెలింగ్ చేశారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ నా వైపు చూడలేదు. నేనూ ఆవిడ వైపు చూడలేకపోయాను. నాకూ ఒక కొడుకున్నాడు. వాడు పొద్దున బండి తీసుకుని ఎటు తిరుగుతున్నాడో నేను మాత్రం ఏనాడైనా అడిగానా?

ఫోన్ మాత్రం ఇంకా దొరకలేదు. 2023 నుంచి దేశమంతటికీ సీఈఐఆర్ అనే ఏర్పాటు ఉంది. కంప్లైంట్ కాపీ, ఫోన్ ఐఎంఈఐ నంబరు ఇస్తే ఆ ఫోన్‌ను పనిచేయకుండా ఆపేస్తారు. ఆ నంబరు ఫోన్ డబ్బా మీద ఉంటుంది. డబ్బా లేకపోతే ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే వస్తుంది. ఇప్పుడే చూసి, పాలలెక్క రాసుకునే పుస్తకంలో వెనకపేజీ మీద రాసి పెట్టుకోండి. ఆ పేజీలోనే సైకిలు ఫ్రేము నంబరు కూడా. సాధారణంగా పెడళ్ళ మధ్య, ఫ్రేము అడుగున కొట్టి ఉంటుంది. సైకిలును తిరగేస్తే కనిపిస్తుంది. దొంగతనం జరిగితే ‘ఎర్ర సైకిలండీ’ అంటే ఏం లాభం?

బంధువుల్లో ఒకరు, "పాతబస్తీ కదా, అలాగే ఉంటుంది" అన్నారు. నాకు నచ్చలేదు ఆ మాట. 2021 నవంబరులో బంజారాహిల్స్ కేబీఆర్ పార్కు దగ్గర నడకకు వెళ్ళిన ఒక నటిని కొట్టి ఫోన్ లాక్కుపోలేదూ? అది నగరంలో డబ్బున్నవాళ్ళుండే చోటు. చీకటి, ఒంటరితనం ఉన్నచోట ఏ బస్తీ అయినా ఒకటే. ఊరికి అటు చివర నార్సింగి, నానక్‌రామ్‌గూడ వైపు ఔటర్ రింగు రోడ్డు పక్కన పైన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు కట్టి, 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. సంతోషమే. కానీ ట్యూషన్‌కి వెళ్ళే మా పిల్లలకు కావలసింది మలుపులో వెలిగే ఒక వీధిదీపం.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దామని ఒకరోజు ఐదు ముప్పావుకి నేనే దానితో నడిచాను. మనకు సాయంత్రం రద్దీ అంటే భయం. లాడ్ బజారులో భుజాలు రాసుకునే జనం, ఆటోలు, గాజుల బేరాలు! కానీ ఆ రద్దీలో నలుగురు మనుషులుంటారు. పొద్దున అదే దారిలో షట్టర్లన్నీ మూసి ఉంటాయి. పత్తర్‌గట్టి వైపు దుకాణాలు పదకొండు కొట్టాక గానీ తెరవరు. మరి తెరిచి ఉండేవి ఏవి? పాలబూత్. పేపర్లు పంచుకునే పిల్లలు కూర్చునే అరుగు. తెల్లారకముందే పొయ్యి వెలిగించే నహారీ హోటల్. మెయిన్ రోడ్డు మీద ఇవి మూడూ ఉన్నాయి. వెనక గల్లీలో ఒక్కటీ లేదు. హోటల్ గల్లాపెట్టె దగ్గర కూర్చునే పెద్దాయనతో మాట్లాడితే, "బేటీని ఇక్కడ ఆగమనండమ్మా, మేమున్నాం" అన్నారు. పాలబూత్ అతనికీ చెప్పాను. మీరూ పిల్లతో ఒక్కసారి ఆ టైముకే నడిచి చూడండి. పగటిపూట చూస్తే తెలియదు.

ఎవరైనా వెంటపడితే నేరుగా ఇంటికి రావద్దని చెప్పండి. ఇల్లు ఎక్కడో వాడికి మనమే చూపించినట్టవుతుంది. తెరిచి ఉన్న కొట్టు ముందు ఆగి, గట్టిగా మాట్లాడాలి. లేదా సైకిలు గిర్రున తిప్పి వచ్చిన దారినే వెనక్కి రావాలి. బైకు తిప్పుకునేసరికి కొంత టైము పడుతుంది. 112 గాని 100 గాని నొక్కడం చేతికి అలవాటు కావాలి. ఫోన్ బుట్టలో పెట్టడం మా ఇంట్లో ఇక బంద్. పాత జీన్సు ప్యాంటు కాలు కోసి, జిప్పు కుట్టి, డ్రస్సు లోపల నడుముకు కట్టుకునే చిన్న సంచి చేశాను. గంటలో అయిపోయింది. చెవుల్లో పాటలు పెట్టుకుని తొక్కడం వద్దు, వెనక బండి చప్పుడు వినపడదు. చున్నీని వెనక్కి ముడి వేసుకోవాలి. లాగేవాడికీ దొరకదు, చైనులోనూ పడదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పెట్టించాం. తాళం వేసేటప్పుడు చక్రానికి మాత్రమే కాదు, ఫ్రేముతో కలిపి కిటికీ ఊచకో స్తంభానికో వేయాలి. సన్న తీగ తాళాలు కటింగ్ ప్లేయరుతో తెగిపోతాయని మా గల్లీ పంక్చర్ షాపు అతనే చెప్పాడు.

ఇవన్నీ చేసినా ఒక్కతే వెళుతుందే అనే గుబులు పోలేదు. అప్పుడు పుదుక్కోట సంగతి గుర్తొచ్చింది. తమిళనాడులో 1991లో అక్షరాస్యతా ఉద్యమం జరుగుతుంటే, ఆ జిల్లా కలెక్టరు షీలారాణి చుంకత్ ఆడవాళ్ళకు చదువుతో పాటు సైకిలు కూడా నేర్పించారు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, కూలివాళ్ళు, నర్సులు, పంతులమ్మలు, వేలమంది నేర్చుకున్నారు. మొదట్లో వాళ్ళను మాటలనని వాళ్ళు లేరు. కానీ గుంపులుగా తొక్కేవాళ్ళను ఎంతకాలం అంటారు? 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందలమందికి పైగా హ్యాండిల్‌కు జెండాలు కట్టుకుని ఊరంతా తిరిగారట.

మాకు పదిహేను వందలమంది ఎక్కడ దొరుకుతారు? గౌలిపురా నుంచి ఒకమ్మాయి, మా వెనక గల్లీలో ఒకమ్మాయి, పక్కింటి ఆపా వాళ్ళ కూతురు. ముగ్గురి సైకిళ్ళూ మెట్ల కిందే ఉన్నాయి! ఆ తల్లుల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడాను. ఒకావిడకు వాళ్ళాయన్ని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. సైకిళ్ళకు ట్యూబులు మార్పించి, బ్రేకులు బిగించి బయటికి తీశారు. ఇప్పుడు ఐదు ముప్పావుకి మా గుమ్మం ముందు నాలుగు బెల్లులు మోగుతాయి.

నిన్న మూడే మోగాయి. గౌలిపురా పిల్లకు జ్వరమట. మిగతా ముగ్గురూ అక్కడే ఆగి, వాళ్ళింటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ బయల్దేరారు. మా అత్తమ్మ శాలువా కప్పుకుని గడపలో నిలబడి, మలుపు తిరిగేదాకా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "గట్లనే మెయిన్ రోడ్డు మీదికెల్లి పోండ్రి" అని వెనక నుంచి కేకేసింది. వాళ్ళకు వినపడిందో లేదో గానీ, ఒక బెల్లు మాత్రం మోగింది.