మేక ముట్టని ఆకు.. దగ్గుకు మందు

కార్తీకం వానలు పట్టుకున్నాయంటే ఉదయగిరి కొండ కింది ఊళ్లలోనూ, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటికొకరైనా ఖళ్లుఖళ్లుమంటుంటారు. అప్పుడు పెద్దవాళ్ల చూపు దొడ్డి కంచె మీదికి పోతుంది. అక్కడుండేది అడ్డసరం. మేక కూడా ముట్టదు కాబట్టే కంచెకు పనికొచ్చింది!

నాలుగైదు ఆకులు కడిగి తుంచి, నాలుగు మిరియాలు, చిటికెడు శొంఠిపొడి వేసి రెండు గ్లాసుల నీళ్లు సగమయ్యేదాకా మరిగించాలి. వడగట్టి, గోరువెచ్చనయ్యాక చెంచాడు తేనె కలిపి తాగితే పట్టేసిన కఫం తెగుతుందని పెద్దల అనుభవం. చేదు సంగతి చెప్పక్కర్లేదు. ఇది ఉత్త నమ్మకమేమీ కాదు. 1960ల్లో వచ్చిన బ్రోమ్‌హెక్సిన్ మందుకు ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థమే మూలం. దగ్గు సిరప్ సీసాల మీద ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. గర్భిణులు మాత్రం అడ్డసరం జోలికి పోకూడదు.

చంటిబిడ్డల దగ్గర పెద్దల మాటనూ కాస్త పక్కన పెట్టాల్సిందే. ఏడాది నిండనివాళ్లకు తేనె నాకించకూడదు. బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదముంది.

బిడ్డ డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా ఆలస్యం చేయొద్దు. నిద్రలో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషంపాటు శ్వాస లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40కి చేరితే న్యుమోనియా కావచ్చు. తెల్లారనిద్దాంలే అనుకోకుండా ఆత్మకూరో, ఉదయగిరో.. ఏది దగ్గరైతే ఆ ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి.