రక్తపు చుక్కకు రెండు న్యాయాలు

విజయవాడ సూర్యారావుపేట, గవర్నర్‌పేట వీధుల్లో ఆస్పత్రి బోర్డుకూ ల్యాబ్ బోర్డుకూ మధ్య ఖాళీ గోడ దొరకదు. ఆ వ్యాపారం ఇప్పుడు అపార్ట్‌మెంట్ల గేటు దాకా వచ్చింది. వైద్యుడి చీటీ అక్కర్లేదు. విటమిన్లు, ఖనిజాలు కలిపి పదుల కొద్దీ పరీక్షలను ఒక ప్యాకేజీగా కట్టి, రాయితీ ధరంటూ ఇంటికొచ్చి రక్తం తీసుకువెళతారు. సాయంత్రానికి ఫోనులో నివేదిక. విటమిన్-డి ఎదురుగా ముద్దక్షరాల్లో ‘తక్కువ’. పొద్దున నడకకు వెళ్లివచ్చిన మనిషి రాత్రికి రోగి అవుతాడు. 60 వేల యూనిట్ల పొడి ప్యాకెట్లను, ఎప్పుడు ఆపాలో చెప్పేవారు లేక, నెలల తరబడి పాలలో కలుపుకొని తాగేవారున్నారు. మోతాదు మించితే ఆ విటమిన్ రక్తంలో కాల్షియాన్ని పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తుందని వారికి చెప్పే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

అదే పొద్దున అవనిగడ్డ వైపు నుంచి బస్సెక్కి నగరానికి వచ్చే నాట్ల కూలీ చేతిలోనూ ఒక చీటీ ఉంటుంది. నాలుగు మడతలు పడి, చెమటకు సిరా చెదిరిన ఆ కాగితం మీద ఒకే అంకె: హిమోగ్లోబిన్ 8. నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం అని ఆమె ఏళ్లుగా చెబుతూనే ఉంది. ఊళ్లో ఆర్ఎంపీ బలం సూది వేశాడు, సెలైన్ ఎక్కించాడు. ఎర్ర మాత్రలూ అందాయి. రక్తం ఎందుకు తగ్గిందో మాత్రం ఎవరూ వెతకలేదు. ఇనుము నిల్వలు అడుగంటాయా? బీ12 లోపమా? నెలసరిలో అధిక రక్తస్రావమా? చెప్పుల్లేకుండా మడిలో దిగే పాదాల గుండా చేరిన కొంకి పురుగులా? ఫెరిటిన్, బీ12 పరీక్షలు కావలసింది ఈమెకు. అవి జరుగుతున్నది అపార్ట్‌మెంట్‌లో.

ఇది ఒక్కరి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. దేశ సగటు 57 శాతం. అయిదేళ్లలోపు పిల్లల్లో 2015-16 నాటి 58.6 శాతం కాస్తా 63.2కు పెరిగింది. దేశానికి అన్నం పెట్టే డెల్టా ఉన్న రాష్ట్రం లెక్క ఇది! తరువాతి విడత సర్వే నుంచి అసలు ఈ పరీక్షనే తొలగించారు. వేలికొన చుక్కతో కొలత కచ్చితంగా రాదన్న అభ్యంతరంలో శాస్త్రం ఉంది. సిర నుంచి తీసిన రక్తంతో కొలిచే పనిని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించడమూ సబబే. కానీ ఒక విడతైనా రెండు కొలతలనూ పక్కపక్కన నడపాల్సింది. పోల్చుకునే వీల్లేకుండా పాత లెక్కను తెంచేస్తే ప్రభుత్వాలను ప్రజలు ఏ అంకె చూపి నిలదీయాలి?

ప్యాకేజీల సంగతికొస్తే, ఆరోగ్యవంతుల విలువల్లో మధ్యనున్న 95 శాతాన్నే సాధారణంగా ‘మామూలు’ అంటారు. ఆ లెక్కన ఏ జబ్బూ లేని మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, ఒక్కటైనా గీత దాటే అవకాశం 64 శాతం. పరీక్షలు పెంచేకొద్దీ భయమూ పెరుగుతుంది, దాంతో పాటే మందుల అమ్మకమూ. ఇక రక్తంలో కాల్షియం సరిగా ఉన్నంత మాత్రాన ఎముకలు గట్టిగా ఉన్నట్టు కాదు. తగ్గినప్పుడల్లా శరీరం ఎముకల్లోంచి తీసి రక్తానికి సర్దుతుంది. రోహిణి ఎండలో బైకు పెట్టెలో తిరిగిన గొట్టంలో రక్తకణాలు చిట్లితే, వాటిలోని జింకు, మెగ్నీషియం బయటికొచ్చి లోపాన్ని కప్పేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు విటమిన్-డి పరీక్ష మామూలుగా అక్కర్లేదని హార్మోన్ల వైద్య నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2024లోనే చెప్పింది. పరీక్షలే వద్దనడం మా ఉద్దేశం కాదు. మధుమేహానికి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి బీ12 చూడాల్సిందే. ఎవరికి, ఎందుకు అన్నది తేల్చాల్సింది వైద్యుడు; ధరల పట్టిక కాదు.

రక్తాన్ని పరీక్షించే ఈ విద్య మనకు కొత్తదీ కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, రంగు మార్పును బట్టి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సహ శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ప్రపంచానికి ఇచ్చారు. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందాన్ని నడిపిందీ ఆయనే. ఆ కూలీ మింగే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

చట్టాల కొరత లేదు. ప్రైవేటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టాన్ని ఉమ్మడి రాష్ట్రం 2002లో చేసింది. నిబంధనలు రావడానికి 2007 దాకా పట్టింది. రోగిని పంపినందుకు కమీషన్ పుచ్చుకోరాదని వైద్యుల ప్రవర్తనా నియమావళి శాసించిందీ 2002లోనే. ల్యాబ్ నివేదికపై పాథాలజీలో పీజీ చేసిన వైద్యుడే సంతకం పెట్టాలని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. ఇన్ని ఉండీ ఈ దందా పట్టపగలు నడుస్తోందంటే తప్పు ల్యాబులది ఒక్కటే కాదు. కమీషన్‌కు చేయి చాపే వైద్యుడిది, విచారించని వైద్య మండలిది, తనిఖీని ఫైలుకే పరిమితం చేసిన జిల్లా యంత్రాంగానిది. ఈ మౌనమే ఆనవాయితీ అయితే రేపు జన్యు పరీక్షలూ ఇదే దారిలో గుమ్మం ఎక్కుతాయి.

నెల రోజులు మందు వాడినా హిమోగ్లోబిన్ ఒక గ్రామైనా పెరగకపోతే, కారణం తేల్చడానికి పెద్దాస్పత్రికి పంపాలని రక్తహీనత నివారణ జాతీయ కార్యక్రమమే చెబుతోంది. అవనిగడ్డ బస్సు దిగిన ఆ చీటీ మీద, మళ్లీ ఎప్పుడు పరీక్షకు రావాలో రాసిన తేదీ లేదు.