బాపు బతికే ఉన్నడు, మరి కాగితం?

పోయిన ఆదివారం సాయంత్రం సోనాపూర్‌లో ఒక క్యాంపు మెస్ పక్కన మేము ఎప్పటిలాగే బల్ల వేసుకుని ఫారాలు నింపుతున్నాం. ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. అన్న షట్టరింగ్ కార్పెంటర్, దుబాయ్‌కి వచ్చి 18 ఏళ్లు. తమ్ముడు ఇంజనీరు. అన్న పంపిన డబ్బుతో చదివి, తర్వాత ఇక్కడికే వచ్చి, ఇప్పుడు 21 వేల దిర్హాముల జీతం తీసుకుంటున్నాడు. ఖుసైస్‌లో రెండు పడగ్గదుల ఇల్లు, భార్యకు ఉద్యోగం, చిన్న పాప. కోరుట్ల దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటున్న అమ్మను తెచ్చి తమ్ముడి ఇంట్లో ఉంచుకోవాలని, వారానికి ఒకసారైనా అన్న వెళ్లి ఆమె చేతి తిండి తినాలని ఇద్దరి కోరిక.

ఇందులో ఏముంది, ఫారం నింపితే అయిపోతుంది కదా అనుకున్నాం. అప్పుడు అన్న మెల్లగా చెప్పాడు. "ఒక్క చిక్కుంది అన్నా. బాపు బతికే ఉన్నడు. కానీ మాతోని లేడు."

వాళ్ల బాపు 1995లో మగ్గం పనికి భివండి పోయాడు. అక్కడ ఇంకొక ఆమెతో ఉన్నాడు, వాళ్లకు ఇద్దరు పిల్లలు. 1998లో కులపెద్దలు కూర్చుని యాభై రూపాయల స్టాంపు కాగితం మీద ఇడుపు కాయితం రాయించారు. అయిదుగురు పెద్దల సంతకాలు, అమ్మ వేలిముద్ర, బాపు సంతకం. అమ్మ బీడీలు చేసి ఇద్దరినీ పెంచింది. ఆ కాగితాన్ని ఇన్నేళ్లూ పెట్టెలో చీర మడతల మధ్య దాచింది. తమ్ముడు దాని ఫొటో ఫోన్లో చూపించాడు. సిరా వెలిసిపోయింది గానీ చదవొచ్చు.

ఇక్కడి నిబంధన ముందు చెప్తాం. తల్లిదండ్రులను రెసిడెన్సీ మీద తెచ్చుకోవాలంటే నెలకు 20 వేల దిర్హాముల జీతం ఉండాలి, లేదా 19 వేల జీతంతో పాటు రెండు పడగ్గదుల ఇల్లు ఉండాలి. వాళ్లకు ఇన్సూరెన్స్ చేయించాలి, ఒక్కొక్కరి పేరు మీద డిపాజిట్ కట్టాలి. ఊళ్లో వాళ్లను చూసేవాళ్లు వేరే ఎవరూ లేరని చూపాలి. వీసా ఏడాదికే ఇస్తారు, ప్రతి ఏడూ రెన్యూవల్. జీతం తమ్ముడికి సరిపోయింది. ఆగింది ఇంకో చోట. తల్లినీ తండ్రినీ ఇద్దరినీ కలిపి స్పాన్సర్ చేయాలి. ఒక్కరినే తెస్తామంటే రెండోవారు చనిపోయారనో, విడాకులైనాయనో కాగితం చూపాలి.

"మరి ఇడుపు కాయితం ఉంది కదా" అన్నాడు అన్న. టైపింగ్ సెంటర్‌లో అది చెల్లదన్నారట. అక్కడే ఉన్న ఒక పెద్దమనిషి చెవిలో సలహా కూడా ఇచ్చాడట: "ఊళ్లో ఎవరినన్నా పట్టుకుని బాపుది డెత్ సర్టిఫికెట్ తీయించుండ్రి. ఆయన భివండిల ఉన్నట్టు ఇక్కడెవనికి తెలుస్తది?"

మేము ఇద్దరి ముఖాలూ చూశాం. తమ్ముడు తల దించుకున్నాడు. ఆ ఆలోచన వాళ్లింటి గడప దాటి లోపలికి వచ్చేసిందని మాకు అర్థమైంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద ఇలాగే ఒక తమ్ముడు వాళ్లమ్మ పాస్‌పోర్టు ఫారం నింపమని వచ్చాడు. తండ్రి వేరే కాపురం పెట్టాడని చెప్పి, "వితంతువు అని కొట్టుండ్రి అన్నా, గొడవ ఉండదు" అన్నాడు. మేము అడ్డు చెప్పకుండా కొట్టేశాం. పోలీసు వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వాళ్ల వాడకు వెళ్లి పక్కింటామెను "ఈమె భర్త ఎప్పుడు చనిపోయిండు?" అని అడిగాడు. పక్కింటామె నోరు నొక్కుకుని, "గదేంది సారూ, మొన్న మేనకోడలి పెండ్లికి వచ్చి పోయిండు కదా" అంది. దరఖాస్తు ఆగిపోయింది. ఆ తల్లి ఎన్నడూ బస్సు దిగని ఊళ్లో పాస్‌పోర్టు ఆఫీసు మెట్ల మీద కూర్చుని, బతికున్న మొగుణ్ణి ఎందుకు చంపావంటే జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1967 పాస్‌పోర్టు చట్టంలో తప్పుడు సమాచారానికి రెండేళ్ల దాకా జైలు ఉంది. ఆమెకు అంతదాకా రాలేదు. కానీ వాడలో తలెత్తుకోలేకపోయింది. ఆ గడిలో వేలు పెట్టింది మేమే.

అసలు ఆ అబద్ధం అవసరమే లేదని మేము తర్వాత తెలుసుకున్నాం. పాస్‌పోర్టు ఫారంలో వివాహ స్థితి దగ్గర పెళ్లయినవారు, విడాకులైనవారు, వితంతువు అనే గడులతో పాటు విడిగా ఉంటున్నవారు అని కూడా ఒక గడి ఉంది. 2016 డిసెంబరులో భారత విదేశాంగ శాఖ నిబంధనలు సడలించింది. విడిగా ఉన్నవాళ్లు, విడాకులైనవాళ్లు భర్త పేరు రాయనక్కర్లేదు, కోర్టు డిక్రీ చూపనక్కర్లేదు. పెళ్లి సర్టిఫికెట్ కూడా అడగరు. మీ అమ్మ బడికి పోలేదు, ఈసీఆర్ ముద్ర పడుతుందేమో అని కొందరు భయపడతారు. 50 ఏళ్లు దాటినవాళ్లకు ఆ ముద్ర ఉండదు. వయసు రుజువు ఉంటే చాలు.

కాబట్టి పాస్‌పోర్టు వరకు ఏ చిక్కూ లేదు. చిక్కంతా రెసిడెన్సీకి కావలసిన విడాకుల కాగితం దగ్గరే.

ఇడుపు కాయితం సంగతి చూద్దాం. అది ఉత్త కాగితమని కొట్టిపారేయకండి. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగిన విడాకులను కాపాడుతుంది. కానీ మా కులంలో ఈ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో రుజువు చేసి, కోర్టు చేత చెప్పించుకోవాలి. సంతకాలు పెట్టిన అయిదుగురు పెద్దల్లో ఇప్పుడు ఇద్దరే బతికున్నారు. ఒకాయనకు చూపు లేదు.

రెండో దారి, ఇద్దరూ ఒప్పుకుని 13బి కింద వేసే కేసు. ఏడాదిగా విడిగా ఉండాలి, వీళ్లు 30 ఏళ్లుగా ఉన్నారు. కేసు వేశాక ఆరు నెలలు ఆగాలంటారు గానీ, తగిన కారణముంటే ఆ గడువు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి బాపు వచ్చి సంతకం పెట్టాలి. మూడోది, రెండేళ్లకు పైగా వదిలేసి పోయాడని అమ్మ ఒక్కతే వేసే కేసు. 2003 సవరణ తర్వాత భార్య తానున్న చోటి కోర్టులోనే వేయవచ్చు, భివండి పోనక్కర్లేదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఇది మన క్యాంపుల్లో చాలామందికి తెలియదు. అప్పు చేసి ఫీజు పంపుతుంటారు. ఈ అమ్మకు 2017లో తెలంగాణలో మొదలైన ఒంటరి మహిళల పెన్షన్ వస్తోంది. అది విడాకులకు సాటి రాదు గానీ, ఆమె విడిగా ఉంటోందనడానికి కోర్టులో చూపుకోవచ్చు.

డిక్రీ వచ్చాక దానికి రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, మన విదేశాంగ శాఖ ముద్ర, ఇండియాలోని యుఏఈ ఎంబసీ ముద్ర, ఇక్కడికి వచ్చాక ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర, అరబ్బీ అనువాదం. ఇవన్నీ డబ్బుతో, ఓపికతో అయ్యే పనులు. పెట్టే ముందు ఆమెర్ సెంటర్‌లో ఒకసారి అడిగి పోండి, ఏజెంటు మాట మీద పోకండి.

తమ్ముడు హుషారుగా "అయితే మూడోది వేసేద్దాం" అన్నాడు. అన్న మాత్రం ఒక ప్రశ్న అడిగాడు. చదువుకున్న తమ్ముడికీ, నిజం చెప్పాలంటే మాకూ అది తట్టలేదు. "మరి పొలం?"

ఊళ్లో రెండెకరాల పది గుంటలుంది. పాస్‌బుక్ బాపు పేరు మీద. దున్నించేదీ కోయించేదీ అమ్మే. 2018లో రైతుబంధు మొదలైతే ఆ డబ్బు కూడా బాపు ఖాతాకే పోయింది. ఇప్పుడు చట్టం చూడండి. కోర్టు విడాకులు లేనంతవరకు, ఆచారపు విడాకులు రుజువు కానంతవరకు, చట్టం లెక్కలో అమ్మే భార్య. భివండి ఆమెతో జరిగిన పెళ్లి చెల్లదు. రేపు బాపు పోతే వారసుల్లో అమ్మకు వాటా ఉంది. ఆ రెండో సంసారం పిల్లలకూ తండ్రి ఆస్తిలో వాటా ఉంది, 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ సంగతి ఇంకా వివరంగా చెప్పింది. వాళ్ల తప్పేముంది, వాళ్లను అనకండి. కానీ అమ్మ విడాకులు తీసుకున్న రోజున ఆమె వాటా పోతుంది. ఏడాది వీసా కోసం 30 ఏళ్లు దున్నిన పొలాన్ని చేజార్చుకున్నట్టు. విడాకులే కావాలంటే ముందు పొలం ఆమె పేరున రాయించుకోవాలి, లేదా అదే కేసులో శాశ్వత భరణం అడగాలి. డిక్రీ చేతికొచ్చాక వేడుకుంటే బాపు మనసు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు?

ఇంత మాట్లాడుకుని, అసలు మనిషిని అడగలేదని గుర్తొచ్చింది. అక్కడే ఫోన్ కలిపాం. స్పీకర్ పెట్టారు. తమ్ముడు అంతా చెప్పాడు. కాసేపు బీడీ ఆకు కత్తిరించే చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత ఆమె అంది: "నేనెందుకు కోర్టు మెట్లెక్కాలె కొడుకా? పోయినోడు పోయిండు. నేను ఏడికీ పోలే." ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్ మాట ఎవరో నోరు జారితే గట్టిగా కోప్పడింది. "ఆయిన మంచిగుండాలె. పెట్టుకున్నా పెట్టుకోకున్నా నా పుస్తె ఆయిన పేరు మీదిది. సచ్చిండని నేను రాసియ్య."

తమ్ముడు కళ్లు తుడుచుకుని బయటికి పోయి సిగరెట్ వెలిగించాడు. మేము ఆమెను తప్పు పట్టం. అలాగని కోర్టుకు పోయే తల్లులను కూడా తప్పు పట్టం. ఇది ఆమె కాపురం, ఆమె నిర్ణయం. కొడుకుల వీసా ఫైలు సాఫీగా పోవడం కోసం తల్లి జీవితాన్ని మార్చి రాయడం మాత్రం మా బల్ల మీద ఇక జరగదు.

20 వేల జీతం మాకెక్కడిది, ఈ కథ మాకెందుకు అని మీలో చాలామంది అనుకోవచ్చు. మీ పీబీబీవై బీమా కాగితం ఒకసారి తీసి చూడండి. రెండేళ్లకు 275 రూపాయలు కట్టి తీసుకున్న ఆ పది లక్షల బీమాలో నామినీ ఎవరు? ఏజెంటు అడక్కుండానే తండ్రి పేరు రాసేస్తాడు. పెళ్లికాని తమ్ముళ్లు గుర్తుంచుకోండి, హిందూ వారసత్వ చట్టంలో పెళ్లికాని కొడుకు పోతే మొదటి వారసురాలు తల్లి, తండ్రి ఆ తర్వాతి వరసలో వస్తాడు. ముస్లిం, క్రైస్తవ సోదరులకు చట్టాలు వేరు, వాళ్లు తమ పెద్దలను అడగాలి. తండ్రి వేరే చోట కాపురం ఉన్న ఇంట్లో ఆ ఒక్క గడి ఎంత గొడవ తెస్తుందో మేము రెండు మూడు సార్లు చూశాం.

చివరికి అన్నదమ్ములు ఒకటి అనుకున్నారు. ముందు అమ్మకు పాస్‌పోర్టు, తర్వాత 60 రోజుల విజిట్ వీసా. దానికి విడాకుల కాగితం గొడవ లేదు. రెసిడెన్సీ సంగతి పొలం తేలాకే, అదీ ఆమె ఒప్పుకుంటేనే. అన్న వచ్చే సెలవులో ఊరికి పోయేముందు ముంబైలో దిగి భివండి పోతానన్నాడు. బాపును చివరిసారి చూసినప్పుడు అతనికి 12 ఏళ్లు. ఫోన్ నంబరు కూడా లేదు, మేనత్త దగ్గర తీసుకోవాలి. పొలం సంగతి ఎట్లా ఎత్తాలని మమ్మల్ని అడిగాడు. ముందు అన్నం తిన్నవా అని అడుగు, పొలం రెండో రోజు అడుగు అన్నాం.

ఫారం ఆ రాత్రే నింపాం. వివాహ స్థితి దగ్గర విడిగా ఉంటున్నవారు అనే గడి కొట్టి, ఫోన్లో ఆమెకు చదివి వినిపించాం. భర్త పేరు రాయలేదని చెప్పాం. సరే అంది. ఇంకేమైనా అడగాలా అమ్మా అంటే, దుబాయ్‌లో చలి ఉంటదా, చద్దరు తెచ్చుకోవాల్నా అని అడిగింది.